పింఛం ఉన్నది పొదగదండి

అబ్బాయ్,

నీ జూ పాట అందింది. మూడుసార్లు విన్నాను, మూడోసారి కాలవగట్టు మీద నడుస్తూ. గిటార్ వాయింపు నడకకు చక్కగా సరిపోయింది. మాటలే కాళ్ళకు అడ్డం పడ్డాయి.

అమెరికా పాటగాడు పాల్ సైమన్ రాసిన 'ఎట్ ద జూ' విని మొదలుపెట్టానన్నావు. మంచిదే. 1967 నాటి ఆ పాట న్యూయార్క్ సెంట్రల్ పార్కు జూ మీది. మెల్లగా ఎత్తుకుని, తర్వాత దరువందుకుంటుంది. జంతువుకో మనిషి గుణం అంటగట్టి, ఎందుకో చెప్పకుండా దాటిపోతాడు. జిరాఫీది కపటమట! ఆ తెగింపు నేర్చుకో, జిరాఫీని మాత్రం ఆయనకే వదిలేయ్. నువ్వు వెళ్ళింది విశాఖ జూకి. సామర్లకోటలో రైలెక్కి, పులిహోర పొట్లం కట్టుకుని వెళ్ళానని ఫోన్లో చెప్పావు. పాటలో ఆ పొట్లం ఏదీ?

పైగా పద్నాలుగు జంతువులు! 625 ఎకరాల జూని నాలుగు నిమిషాల్లో చుట్టేస్తావా? మూడు చాలు. "బోనులో పులి కన్నీరు కార్చింది" అన్నావు. చూశావా నువ్వు?

కిందటేడు మనవడితో వెళ్ళినప్పుడు ఎలుగుబంటి దగ్గర అరగంట నిలబడ్డాం. జనం ఈలలేశారు, చప్పట్లు కొట్టారు. అది వీపు తిప్పి పడుకుంది. ఇంతలో గోడ వెనక ఎక్కడో ఇనప బకెట్ ఖణేల్మంది. ముందు చెవులు లేచాయి, తర్వాత ఒళ్ళు. "తాతా, మా బళ్ళో అన్నం బెల్లు!" అన్నాడు మావాడు. నలభై ఏళ్ళుగా రాస్తున్న నాకు తట్టలేదు ఆ మాట.

నేనేం తక్కువ తినలేదులే. కుర్రతనంలో "పురి విప్పి గుడ్లు పొదిగే నెమలి" అని రాసి, సంక్రాంతికి మా అరుగు మీద గొంతెత్తి పాడాను. గంగిరెద్దులాయన సన్నాయి పక్కన పెట్టి, "బాబుగారూ, పింఛం ఉన్నది పొదగదండి" అన్నాడు. ఎద్దు కూడా తలూపింది. ఇప్పటికీ ఆ వీధిలో కాస్త తల దించుకునే నడుస్తాను.

అన్నట్టు, పల్లవి చివర గిటార్ ఆపేసి ఒక్క డోలు దెబ్బ వేసి చూడు. ఈ బోను దగ్గర్నుంచి ఆ బోను దగ్గరికి కదిలినట్టుంటుంది. డ్రమ్స్ వద్దు, పెళ్ళి ఆర్కెస్ట్రా అయిపోతుంది.

చివరి చరణంలో ఇంటికి తిరిగొస్తున్నావు కదా. కాకినాడ దాటాక కోరింగ మడ అడవి ఉంది. రాత్రిపూట బావురుపిల్లి నీళ్ళలోకి దిగి చేపలు పట్టేది అక్కడే. బోనుండదు, బోర్డుండదు, మనకు కనపడదు కూడా. మరి చూడకుండా ఎలా రాయాలి అంటావేమో. కనపడలేదనే రాయి.

రెండో చరణంలో "మూగజీవాలు" కొట్టేయ్. నీ రికార్డింగులో వెనక అరిచిన కోతి నీకంటే గట్టిగా వినపడుతోంది.

ఆదివారం గిటార్ తీసుకుని ఇంటికి రా. మావాడికీ వినిపిద్దాం.

నీ మాస్టారు,
అమలాపురం