ఆయాకు తెలియాల్సిన అమ్మ కథ

ప్రశ్న: అమ్మకు 84 ఏళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మొదటి దశ. వృద్ధుల హోమ్‌లో చేర్చాం. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని అక్కడ ‘నాలుగో బెడ్ మామ్మ’ అంటున్నారు. ఆమె జీవిత కథ రాసి ఇద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: రెండు రాయండి. ఆయా కోసం ఒక్క పేజీ, అమ్మగారు తిరగేసుకోవడానికి ఒక పుస్తకం. ముందు పేజీ సంగతి చూడండి. రేపు పొద్దున ఆమెకు స్నానం చేయించే మనిషికి కావలసింది అదే.

చాలామంది చదువు, ఉద్యోగం, అమెరికాలో పిల్లలు అంటూ బయోడేటా రాసి ఇస్తారు. ఆయాకు అది అక్కరకు రాదు. ఏమని పిలిస్తే పలుకుతారు? టీచరమ్మా అంటేనా? తలంటు ఏ రోజు? చాయ్‌లో చక్కెర ఎంత? ఏ మాటెత్తితే ఏడుస్తారు, ఏం చేస్తే కుదుటపడతారు? చెంబూ బకెట్టూ అలవాటైన మనిషిని షవర్ కింద కూర్చోబెడితే, నెత్తిన నీళ్లు పడగానే బెదిరి చెయ్యి విసురుతారు. ‘కొడుతుంది’ అని రిజిస్టర్లో రాస్తారు. ఆ ముద్ర ఇక పోదు. ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే ఆ గొడవే రాదు. ఆయాకు తెలుగు చదవడం రాకపోతే ఆమెకొచ్చిన భాషలో రాయించండి. ఆ పేజీని బీరువా తలుపు లోపలివైపు అతికించండి. వచ్చేపోయేవాళ్లందరూ చదివేలా గది తలుపు మీద వద్దు.

పుస్తకానికి తొందర లేదు. పొద్దున టిఫిన్ అయ్యాక అరగంట కూర్చుంటే చాలు. సాయంత్రం వద్దు, ఈ జబ్బులో చాలామందికి పొద్దుగూకే వేళకు అయోమయం పెరుగుతుంది. కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టించి, టీవీ ఆపి, మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చోండి. ‘గుర్తుందా?’ అని అడగొద్దు. అది పరీక్ష పెట్టడం. గుర్తు రాకపోతే చిన్నబుచ్చుకుని ఇక మాట్లాడరు. ‘బతుకమ్మకు తంగేడు పువ్వు ఎవరు తెచ్చేవాళ్లు?’ అనండి.

పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య వయసు జ్ఞాపకాలు గట్టిగా నిలుస్తాయి. మీ అమ్మగారికి అవి సుమారు 1952 నుంచి 1972 దాకా. తారీఖులు అడక్కుండా ఆనవాళ్లు పట్టుకోండి. ముల్కీ గొడవ (ఉద్యోగాలు స్థానికులకే అన్న ఆందోళన) 1952లో, నయాపైసలు (అణాల బదులు వచ్చిన కొత్త నాణేలు) 1957లో, తెలంగాణ ఉద్యమం 1969లో. నయాపైసలు వచ్చేనాటికి పెళ్లయిందా, కాలేదా అంటే చాలు, లెక్క దొరుకుతుంది. పుట్టిన తేదీకి సర్టిఫికెట్ ఒక్కదాన్నే నమ్మకండి. బడిలో వేసేటప్పుడు వయసు అటూ ఇటూ రాయించడం అప్పట్లో మామూలే. ఆమె ‘చిత్రభాను’ సంవత్సరంలో పుట్టానంటే 1942-43.

అసలు ఫొటోలు హోమ్‌కు పంపకండి, పోతే మళ్లీ రావు. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసి ప్రింట్లు వేయించండి. పేజీకి ఒకే ఫొటో, కింద ఒకే వాక్యం, అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకుండా. ఫొటో వెనక రాయాలంటే పెన్సిల్ వాడండి. బాల్‌పెన్‌తో ఒత్తి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. ఆమె చెప్పిందంతా పుస్తకంలోకి ఎక్కించొద్దు. ఆస్తి తగాదాలు, పోయిన బిడ్డ సంగతి రాయాలో వద్దో ఆమెనే అడగండి. రికార్డు చేసేముందు కూడా ప్రతిసారీ అడగాలి.

ప్రశ్న: మా హోమ్‌లో అందరూ హాల్లోనే కూర్చుంటారు కానీ ఒకరితో ఒకరు మాట్లాడరు. నోరు తెరిస్తే పాత కథలే. ఏం చేయాలి?
– హోమ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: ముందు కుర్చీలు చూడండి. గోడ వెంబడి వరసగా వేసి ఉంటే, వినికిడి తగ్గినవాళ్లు పక్కవాళ్ల మాట పట్టుకోలేరు. నలుగురికో చిన్న బల్ల వేసి ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఎవరి పక్కన ఎవరు అన్నది జీవిత కథల పేజీలు చూసి తేల్చండి. దివిసీమ వాళ్లు ఇద్దరుంటే దగ్గరగా కూర్చోబెట్టండి కానీ, 1977 నవంబరు ఉప్పెన మాట మీరుగా ఎత్తకండి. ఆ రాత్రి ఇంట్లోవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు కావచ్చు.

చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పూలు కట్టడం, వత్తులు చేయడం. ఆ చిక్కుడుకాయ కూర మధ్యాహ్నం వాళ్ల కంచంలోకి రావాలి. ఉత్తుత్తి పని అయితే ఇట్టే కనిపెట్టేస్తారు. జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం చింతపండు గింజల్లాంటివి ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

పాత కథలను ఆపకండి. వాటిని ముసలితనపు లోపంగా చూస్తున్న కాలంలో, 1963లో, అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ వాటికి అర్థం ఉందని రాశారు. చివరి దశలో మనిషి తన బతుకును తిరిగి సరిచూసుకోవడం సహజమన్నారు.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఎవరైనా పోతే రాత్రికి రాత్రి మంచం ఖాళీ చేసి ఏమీ జరగనట్టు ఉండకండి. మిగతావాళ్లకు తెలిసిపోతుంది. రేపు తామూ ఇలాగే మాయమవుతామన్న దిగులు పట్టుకుంటుంది. పొద్దున్నే ఫలానావారు పోయారని పేరుతో చెప్పండి, ఫొటో పెట్టండి, మాట్లాడదలచినవాళ్లను మాట్లాడనివ్వండి.

ప్రశ్న: ఎప్పుడో పోయిన మా అమ్మ ఎక్కడుందని నాన్న రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పోయిందని రోజూ గుర్తుచేయకండి, ఆయనకు అది ప్రతిసారీ కొత్త చావే. ‘అమ్మ గుర్తొచ్చిందా నాన్నా?’ అని ఆవిడ మాటల్లోకి తీసుకెళ్లండి. ఆకలి, నొప్పి, ఒంటికి వెళ్లాల్సిన అవసరం ఉన్నాయేమో చూడండి, వాటిని చెప్పలేక మనిషిని అడుగుతుంటారు. ‘మీ అమ్మ పోయింది కదూ?’ అని ఆయనే సూటిగా అడిగితే మాత్రం అబద్ధం వద్దు. చెయ్యి పట్టుకుని అవునని చెప్పి, కాసేపు పక్కనే ఉండండి.