జ్వరాన్ని ఓడించాకే బర్మా దక్కింది: జనరల్ స్లిమ్ గురించి మూడు ప్రశ్నలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాన్‌ మీద బ్రిటిష్ 14వ సైన్యాన్ని నడిపించిన జనరల్ విలియం స్లిమ్ సైనిక కుటుంబం నుంచి వచ్చినవారేనా?

జవాబు: కాదు. 1891లో బ్రిస్టల్ దగ్గర మామూలు ఇంట్లో పుట్టారు. బడిపంతులుగా, తర్వాత గుమాస్తాగా పనిచేశారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో అధికారి అయ్యారు, టర్కీలోని గలిపోలిలో గాయపడ్డారు. ఆ తర్వాత గూర్ఖా దళంలో చేరి, వాళ్ల భాష నేర్చుకున్నారు.

ప్రశ్న: 1942లో జపాన్ బర్మా నుంచి తరిమేస్తే వెనక్కి వచ్చిన సైన్యం, 1945కల్లా అదే బర్మాను ఎలా గెలిచింది? అంతా వ్యూహం గొప్పతనమేనా?

జవాబు: వ్యూహం ఉంది. కానీ ముందు జ్వరం సంగతి చూడాలి. 1943లో గాయపడి వెనక్కి వెళ్లిన ఒక్కొక్క సైనికుడికి, జబ్బుచేసి వెళ్లినవాళ్లు 120 మంది! మలేరియా వచ్చినవాణ్ణి రోడ్డు, రైలు, పడవ మార్చి మార్చి వందల మైళ్ల అవతలి ఆసుపత్రికి పంపేవారు. అతను మళ్లీ దళంలో చేరేసరికి ఐదు నెలలు గడిచేవి. స్లిమ్ ఆ ప్రయాణాన్నే ఎత్తేశారు. పోరు జరిగే చోటికి కొద్ది మైళ్ల వెనకే గుడారాల్లో చికిత్స మొదలైంది. జ్వరం తగిలిన రోజే మందు పడేది, మూడు వారాల్లో మనిషి తిరిగొచ్చేవాడు.

మలేరియా రాకుండా ఆపడానికి రోజూ మెపాక్రిన్ అనే మాత్ర ఇచ్చేవారు. అది మగతనాన్ని దెబ్బతీస్తుందన్న పుకారుతో చాలామంది మింగేవారు కాదు. అందుకని చెప్పాపెట్టకుండా ఒక దళం మొత్తాన్ని పరీక్షించేవారు. నూటికి 95 మందిలోనైనా మందు ఆనవాలు లేకపోతే ఆ కమాండింగ్ ఆఫీసర్ని తీసేసేవారు. ముగ్గుర్ని తీసేయగానే మిగతావాళ్లు దారికొచ్చారు. మాత్ర మింగని సిపాయిని వదిలి, మింగించాల్సిన అధికారిని పట్టుకోవడమే ఇందులో అసలు కిటుకు.

సరఫరా విషయంలోనూ అంతే. సరుకులు జారవిడవడానికి పట్టు పారాచూట్లు దొరక్కపోతే, కలకత్తా మిల్లుల్లో జనపనారతో కుట్టించారు. మామూలు పారాచూట్ ఖరీదు 20 పౌండ్లు, ఇది ఒక పౌండుకు కాస్త ఎక్కువ. మనుషులు దూకడానికి పనికిరాదు గానీ బియ్యం మూటలకు చాలు.

ప్రశ్న: ఆయన తప్పులేమీ చేయలేదా?

జవాబు: చేశారు, తర్వాత తానే ఒప్పుకున్నారు. 1944 మార్చిలో కొహిమా మీదికి జపాన్ మహా అయితే ఒక్క రెజిమెంటును (డివిజన్‌లో ఒక భాగాన్ని) పంపగలదని లెక్కేశారు. అడవి కొండల్లో అంతకుమించి నడవలేరని ఆయన నమ్మకం. తీరా వచ్చింది 31వ డివిజన్ మొత్తం. బర్మాలోని టిడ్డిమ్ దగ్గరున్న తమ 17వ భారత డివిజన్‌కు వెనక్కి రమ్మనే ఆదేశమూ ఆలస్యమైంది. ఇంఫాల్, కొహిమా రెండూ ఒకేసారి చిక్కుల్లో పడ్డాయి. బర్మా తీరప్రాంతమైన అరకాన్‌లో ఉన్న 5వ భారత డివిజన్‌ను విమానాల్లో తరలించి కొంత ఇంఫాల్‌కూ కొంత కొహిమా దగ్గరి దిమాపూర్‌కూ చేర్చారు. లేకుంటే ఆ లెక్కతప్పు చాలా ఖరీదయ్యేది.