మబ్బుకు పోలిక దేనికి

చిరంజీవి తమ్ముడికి, హనుమకొండ నుంచి ఆశీస్సులు.

భద్రకాళి చెరువు మీది మబ్బులను నలుపు తెలుపుల్లో తీసిన ఛాయాచిత్రాల గురించి నీవు రాసిన వ్యాసాన్ని, జతపరచిన చిత్రాలను ముందు పెట్టుకొని రెండుసార్లు చదివాను. మొదటి పుటలోనే ఏనుగు, పత్తికుప్ప, రామప్ప గుడి నంది వరుసగా వచ్చాయి; నాలుగో ఉపమానం దగ్గరకు వచ్చేసరికి మబ్బు కనిపించకుండా పోయింది. ఛాయాచిత్రకారుడు రంగును తీసేసి, చెరువు కట్టను, గుడి గోపురాన్ని చట్రం బయటే వదిలి, ఇది ఇంత పెద్దది, ఇంత దూరాన ఉన్నదని చెప్పే ఆనవాళ్లన్నీ చెరిపితే, నీవు వాటిని పోలికలతో తిరిగి తెచ్చిపెట్టావు.

అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ దగ్గర మబ్బులను తీయడం మొదలుపెట్టాడు. ఎదుట కూర్చున్న మనుషులను వశపరచుకోవడమే ఆయన చిత్రాల బలమని ఒకరు అన్నందుకు జవాబుగా, ఎవరి మాటా వినని మబ్బును ఎంచుకున్నాడు. తర్వాతి ఏళ్లలో వాటిని ఈక్వివలెంట్స్, అంటే సాటివి, అన్నాడు. సుమారు 4 అంగుళాలకు 5 అంగుళాల ఆ చిన్న చిత్రాల్లో చాలావాటికి నేల లేదు, పైభాగమేదో తెలియదు. మబ్బు మరో వస్తువులా ఉందని కాక, తన లోపలి అనుభవానికి అది సాటి అని ఆయన భావం.

ఇక, "ఆకాశం కోపంతో నల్లబడింది" అన్న నీ వాక్యం. కటకం ముందు పెట్టే ఎర్ర గాజు, అంటే ఎర్ర ఫిల్టరు, నీలికాంతిని అడ్డుకుంటుంది కనుక నలుపు తెలుపు చిత్రంలో నీలాకాశం దాదాపు నల్లబడుతుంది. తెల్లమబ్బు నుంచి అన్ని రంగుల కాంతీ వస్తుంది కనుక అది వెలుగుతూ నిలుస్తుంది. ఆ నలుపులో ఆకాశం కోపమెంతో, కటకం ముందరి ఎర్ర గాజు పని ఎంతో, తీసినవారిని అడిగి తెలుసుకో. ముసురు పట్టిన రోజున ఆ గాజు పెట్టినా పెద్ద తేడా రాదు, అడ్డుకోవడానికి నీలమే ఉండదు.

వడ్లు ఆరబోసిన రోజుల్లో మా అమ్మ పైకి చూసి "మొగులైంది", అంటే మబ్బు పట్టింది, అని ఒక్క మాట అనేది. ఏనుగు కోసం వెతుకుతూ నిలబడి ఉంటే వడ్లు తడిసేవి.

మూడో చిత్రంతో మళ్లీ మొదలుపెట్టు. కుడి అంచున తెలుపు ఎక్కడ బూడిదగా మారుతోంది, ఆ మార్పు గీత గీసినట్టు తెగిందా, నీళ్లలో సున్నంలా కరిగిందా, అదే రాయి. నేనూ పోలికలోనే పడ్డాను. ఆ సున్నాన్ని కొట్టేసి చదువుకో.