ఆది చూసి కుట్టడం గురించి మా అమ్మలుకి

తెనాలి

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు ఫోటోలూ కళ్ళజోడు పెట్టుకుని, పెద్దవి చేసుకుని మరీ చూశాను. ఒకటి పెళ్ళికూతురి లెహంగా. ఇంకోటి పోచంపల్లి ఇక్కత్‌తో ఎవరో డిజైనర్ కుట్టిన అనార్కలీ. మూడోది సన్‌రైజర్స్ జెర్సీ, మీ కాలనీ కుర్రాళ్ళ టీముకి. నాలుగోది మీ పక్కింటి పిల్లల స్కూలు యూనిఫారం. "అందరూ అచ్చం ఇలాగే కావాలంటున్నారు పెద్దమ్మా, అదీ సగం ధరకి. కుట్టొచ్చా, కుట్టకూడదా?" అని అడిగావు. ఫోన్లో చెబుదామంటే నీ కొట్టుకి గిరాకీ వస్తుంది, మాట మధ్యలో తెగిపోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక భయం తీసేస్తాను. ఒకటి చూసి ఇంకొకటి కుట్టడం మన పనిలో తప్పు కాదు. మన దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషీ ఆది జాకెట్టు తెచ్చే కదా ఇస్తుంది! నేను పదహారేళ్ళప్పుడు పని నేర్చుకున్నదే అలా. మా గురువుగారు ఒక పాత జాకెట్టు చేతిలో పెట్టి, "విప్పు" అన్నారు. బ్లేడుతో కుట్టు కుట్టూ తెంపి, ముక్కలు ఖాకీ కాగితం మీద పరిచి, గుండుసూదులు గుచ్చి, చుట్టూ పెన్సిలుతో గీశాను. వాడిన జాకెట్టుకి చంక దగ్గర గుడ్డ సాగిపోయి ఉంటుంది. ఆ సాగిన గీతనే నమ్మి కత్తిరిస్తే, చెయ్యెత్తినప్పుడల్లా కొత్త జాకెట్టు పైకి లేస్తుంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి మూడు జాకెట్ల గుడ్డ పాడైంది. ఆ రోజుల్లో వాణిశ్రీ తొడిగినలాంటి జాకెట్టు కావాలని వచ్చేవాళ్ళు. ఫోటో కూడా ఉండేది కాదు. సినిమా చూసొచ్చి, మెడ ఇంత, చేతులు ఇక్కడిదాకా అని వేళ్ళతో చూపించేవాళ్ళు. కుట్టి ఇచ్చేవాళ్ళం. మెడ లోతు, చేతి పొడుగు, లంగాకి వేసే కలీల (నిలువు ముక్కల) లెక్క, ప్రిన్సెస్ కట్టు, ఇవి ఎవరి సొత్తూ కాదు.

సొత్తు ఎక్కడ మొదలవుతుందో కూడా తెలుసుకో. నా దగ్గర కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ ఓపిగ్గా చెప్పింది, నా మాటల్లో రాస్తున్నాను. బట్టల డిజైన్లకి మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టరు చేయించుకున్నవాళ్ళకి 10 ఏళ్ళు, పొడిగించుకుంటే ఇంకో 5 ఏళ్ళు హక్కు. రిజిస్టరు చేయించుకోకుండా, ఆ డిజైనుతో మిషన్ల మీద 50కి మించి కుట్టించి అమ్మితే, 1957 కాపీరైటు చట్టంలోని 15వ సెక్షను ప్రకారం గీసిన బొమ్మ మీది కాపీరైటు హక్కు కూడా పోతుంది. 2016లో ఢిల్లీ హైకోర్టులో డిజైనర్ రీతూ కుమార్ కంపెనీ, బీబా అనే బట్టల కంపెనీ మీద వేసిన కేసు ఇలాగే తేలింది. ఇంకో డిజైనర్ తరుణ్ తహిలియానీ కేసు దానికి ఎదురు, 2008లో. అక్కడ కుట్టినవి 50 దాటలేదు కాబట్టి గీసిన బొమ్మ మీద హక్కు నిలిచింది. పెళ్ళి బట్టలు చాలావరకు ఈ రెండో రకమే. అమెరికాలో కూడా 2017లో చీర్‌లీడర్ల యూనిఫారాల మీద పెద్ద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బట్ట మీది గీతల బొమ్మకి హక్కు ఉండొచ్చు గానీ, బట్ట ఆకారానికి, కత్తిరింపుకి ఉండదన్నారు.

ఇక నీ లెహంగా. 2017 డిసెంబరులో అనుష్క శర్మ తన పెళ్ళికి డిజైనర్ సబ్యసాచి చేసిన లేత గులాబీ లెహంగా వేసుకుంది. ఆ తర్వాత వచ్చిన ముహూర్తాలకే ఆ ఫోటో పట్టుకుని మన ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు వచ్చారు. ఒక అమ్మాయి తండ్రి చిన్న ఉద్యోగి. పని అంతా కనిపించాలి, ఖర్చు మాత్రం తగ్గాలన్నారు. నేను జాలిపడి, పని అలాగే ఉంచి గుడ్డలో తగ్గించాను. పలుచటి నెట్ తీసుకున్నాను. నాలుగు కేజీల రాళ్ళూ పూసలూ దాని మీద కూర్చున్నాయి. రిసెప్షను స్టేజీ మెట్లు ఎక్కుతుంటే నడుం పట్టీ కింద నెట్ చర్రున చిరిగింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. స్టేజీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, లోపల కాన్వాసు ముక్క పెట్టి చేత్తో కుట్టాను. బయట బ్యాండు వాయిస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నాను, డబ్బు తగ్గించాల్సింది పనిలో, గుడ్డలో కాదు. నీ ఫోటోలో కలీ కలీకీ కిందదాకా జర్దోసీ ఉంది. నువ్వు జాకెట్టుకీ, నడుం దగ్గర జానెడు మేరకీ, అంచుకీ ఒత్తుగా పని పెట్టు. మధ్యలో బుటాలు దూరం దూరంగా చల్లు. స్టేజీ మీద కూర్చున్న పెళ్ళికూతురి ఫోటోల్లో పడేది జాకెట్టూ వోణీ అంచే. రా సిల్కు మంచిదే తీసుకో, లోపల అస్తరు నూలుది వెయ్యి. లంగా ఉబ్బుగా నిలబడేందుకు వేసే క్యాన్‌క్యాన్ లంగాకి కలిపి కుట్టకు, విడిగా కుట్టి తాళ్ళు పెట్టు. రేపు ఆ లంగాని ఆ పిల్ల మామూలు జాకెట్టుతో ఇంకో నాలుగు పెళ్ళిళ్ళకి కట్టుకుంటుంది. ఒక్క రోజు కట్టి బీరువాలో పెట్టేదానికంటే అసలు ఆదా అక్కడుంది. ఆ మాట ఆ పిల్ల తల్లితో కూడా చెప్పు, చాలామందికి తట్టదు.

బొమ్మ మాత్రం అచ్చు దించొద్దు. మగ్గం వర్కు చేసే కుర్రాడు ఏం చేస్తాడో నీకు తెలుసు కదా. ట్రేసింగు కాగితం మీద డిజైను గీసి, గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడిచి, కిరసనాయిలులో కలిపిన జింకు పొడి గుడ్డతో రుద్దుతాడు. చుక్కలు చుక్కలుగా బట్ట మీద దిగుతుంది. ఆ కాగితం మీద గీసే బొమ్మ మీ సొంతదై ఉండాలి. ఫోటోలో తీగ ఉంటే నువ్వు మల్లెతీగ గీయించు, ఆ పిల్ల ఇంటి ముందు ఏ పువ్వుందో అడుగు. గీయగలిగిన చేతులకి పని దొరకాలి తల్లీ. మనం ఎప్పుడూ దించుతూనే ఉంటే ఆ కుర్రాడు గీయడం మరిచిపోతాడు. ఇది నేను రెండుసార్లు చూశాను.

బిల్లు మీద గానీ బోర్డు మీద గానీ "సబ్యసాచి లెహంగా" అని రాయకు. "ఫోటో చూసి మేం కుట్టింది" అని నోటితో చెప్పు, అలాగే రాయి. పేరు, లేబులు, గుర్తు, వీటి జోలికి పోయావంటే ట్రేడ్ మార్కుల చట్టం 103వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఒక ఆషాఢంలో మాకు చేతిలో రూపాయి ఆడని రోజున ఒక వ్యాపారి వచ్చాడు. రెండొందల చొక్కాల గుడ్డ, దాంతోపాటు పేరున్న కంపెనీ లేబుళ్ళ కట్ట తెచ్చాడు. మీ పెదనాన్న కట్ట విప్పి, ఒక లేబులు వేలి మీద పెట్టుకుని చూసి, మళ్ళీ రబ్బరు బ్యాండు వేసి ఆయన చేతిలోనే పెట్టారు. ఆ నెల అద్దె నా గాజులు తాకట్టు పెట్టి కట్టాం. ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజం. తర్వాత రాలేదు.

అనార్కలీ గురించి నీకు గట్టిగా చెప్పాలి. ఆవిడ పోచంపల్లి డిజైను ప్రింటు వేసిన పాలిస్టరు మీద కుట్టమంది కదా. ఆ నాలుగింటిలో నేను వద్దనేది ఇదొక్కటే. పోచంపల్లి ఇక్కత్‌కి మన దేశంలో జి.ఐ. గుర్తింపు, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెందుతుందని, వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ప్రింటు గుడ్డలు అదే పేరుతో బజారులో తిరుగుతున్నాయి. డిజైనర్ ఫోటో కాపీ కొడితే ఆ డిజైనర్‌కి ఒక గిరాకీ తగ్గుతుందేమో. దీనివల్ల మాత్రం నేతగాళ్ళ మగ్గం ఆగిపోతుంది.

నువ్వు ఎప్పుడైనా ఆసు పోయడం చూశావా? నేసేముందే పేక నూలుని అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పుతారు. ఒక చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. అది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళ పని. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మిగారి భుజాలు ఆ పనితో పడిపోతుంటే చూడలేక యంత్రం చేశాడు, దానికి ఆవిడ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోశాక చిటికి కట్టడం, అంటే రంగు పట్టకూడని చోట నూలుకి గట్టిగా కట్లు వెయ్యడం, రంగు ముంచడం, విప్పి మళ్ళీ కట్టడం, ఆ తర్వాత కదా నేత! ఆ డిజైనుని ఫోటో తీసి ప్రింటు కొట్టడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు?

అసలుదో ప్రింటో తెలియాలంటే అంచున ఒక పోగు లాగు. ఇక్కత్‌లో ఆ ఒక్క పోగే కొంత మేర ఎరుపు, కొంత మేర తెలుపు, కొంత నలుపు, లోపలిదాకా రంగు పట్టి ఉంటుంది. ప్రింటులో పోగు ఒక పక్క రంగు, ఇంకో పక్క వెలవెల. గుడ్డ తిరగేసినా తెలుస్తుంది. ఇక్కత్‌కి ముందూ వెనకా ఒక్కలాగే ఉంటుంది, డిజైను అంచులు ఈకల్లా కొంచెం చెదిరి ఉంటాయి. ఆ చెదరడమే చేతి పని. ఈ పోగు లాగి ఆవిడకే చూపించు.

తర్వాత ఆవిడకి డబ్బు మిగిలే దారి చెప్పు. అనార్కలీ అంతటికీ ఇక్కత్ అక్కర్లేదు. అసలు పోచంపల్లి నూలు గుడ్డ మీటరు తీసుకుని పై యోకుకీ (ఛాతీ దగ్గరి పై ముక్కకీ), చేతుల చివరకీ, అడుగున పట్టీకీ వాడు. మిగతా గేరంతా మంగళగిరి సాదా నూలు. రెండూ తడిపి ఆరేశాకే కత్తిరించు, లేకపోతే ఒకటి ఎక్కువ కుంచించుకుపోయి యోకు దగ్గర ముడతలొస్తాయి. ముదురు రంగుల ఇక్కత్‌ని మొదట ఉప్పు నీళ్ళలో విడిగా నానబెట్టి, రంగు దిగుతుందేమో చూసుకో. అప్పటికీ ప్రింటే కావాలంటే, "వేరే ప్రింటు తెచ్చుకోండమ్మా, ఇది మాత్రం కుట్టను" అను. ఒక గిరాకీ పోతే పోనీ.

జెర్సీల సంగతి తేలిక. నారింజ రంగు ఎవరిదీ కాదు. ఆ గద్ద బొమ్మ, టీము పేరు, ఛాతీ మీది స్పాన్సర్ల అక్షరాలు మాత్రం వాళ్ళవి. ట్రాక్ ప్యాంటు పక్కన మూడు గీతలు కూడా వెయ్యకు, అది అడిడాస్ గుర్తు. పదిహేను మంది ఉన్నారన్నావు. కుర్రాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ టీముకో పేరు, కాలనీలో అందరికీ తెలిసిన ఒక గుర్తు అడుగు, నీళ్ళ ట్యాంకైనా సరే, వేపచెట్టైనా సరే. వాళ్ళకి కావాల్సింది అందరూ ఒకేలా కనపడటం, వీపు మీద తమ పేరు. సబ్లిమేషను ప్రింటుకి రంగులు ఎన్ని వేసినా ధర పెద్దగా మారదు కాబట్టి డిజైనుకి లోటు చెయ్యక్కర్లేదు. తెల్ల పాలిస్టరు డాట్ నిట్ తీసుకో. ముక్కలు కత్తిరించి, ప్రింటు కాగితం పరిచి, హీట్ ప్రెస్‌లో దాదాపు 200 డిగ్రీల మీద నిమిషం లోపు ఒత్తుతారు. రంగు ఆవిరై దారం లోపలికి పోతుంది, అందుకే ఉతికినా పోదు. నూలు గుడ్డ మీద ఇది పట్టదు, ఎవరైనా నూలే కావాలంటే ముందే చెప్పేయ్. పేర్లూ నంబర్లూ సైజులూ వాళ్ళ చేతే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకో. ఒక అక్షరం తప్పు పడితే ఆ జెర్సీ నీ ఖాతాలో పడుతుంది.

యూనిఫారం నిర్భయంగా కుట్టు. స్కూలు చెప్పిన కొట్లో కొంటే ఇద్దరు పిల్లలకి ఎంతవుతుందో నాకు తెలుసు. బ్యాడ్జి మాత్రం స్కూల్లోనే కొని తెచ్చుకోమను, నువ్వు కుట్టిపెట్టు. రంగు కలపడంలోనే జాగ్రత్త. ఒకసారి ట్యూబులైటు కింద చూసి గుడ్డ కొన్నాను, పొద్దున ప్రేయర్లో ఎండలో నిలబడేసరికి ఆ పిల్లాడి నిక్కరు ఒక్కటే వేరే నీలం. టీచరు బయట నిలబెట్టిందని ఇంటికొచ్చి ఏడ్చాడు. అప్పట్నుంచి పాత యూనిఫారం ముక్క చేతిలో పట్టుకుని, కొట్టు బయటికొచ్చి ఎండలో రెండూ కలిపి చూశాకే కొంటున్నాను. నువ్వూ అంతే చెయ్యి. అడుగు మడతలో రెండంగుళాలు, నడుం దగ్గర అంగుళం దాచి కుట్టు. వచ్చే ఏడాది విప్పి వదిలితే ఆ తల్లికి ఇంకో జత ఖర్చు తప్పుతుంది.

ఇంకొక్కటి. నువ్వు కిందటి సంక్రాంతికి చేసిన ఆ జడగంటల బోర్డరు చాలా బాగుంది. అలాంటిది మళ్ళీ గీసినప్పుడు ఫేస్‌బుక్కులో పెట్టకముందే లాయరమ్మకి చూపిద్దాం. ఒకసారి బయటపడ్డాక రిజిస్టరు చెయ్యరట.

మీ తమ్ముడు శనివారం హైదరాబాదు వస్తున్నాడు. నా ఖాకీ కాగితాల ఫర్మాల (కత్తిరింపు నమూనాల) కట్ట వాడితో పంపుతున్నాను. కలీల లంగాది పైనే ఉంది, నడుం 28 నుంచి 36 దాకా గీసి పెట్టాను. లెహంగా గుడ్డ కొన్నా, దసరాకి నేను వచ్చేదాకా కత్తెర పెట్టకు. ఇద్దరం కలిసి కోద్దాం.

మీ పెద్దమ్మ