దుంపలు తెగకుండా తవ్వాలంటే పారా, గునపమా, ఫోర్కా?

మీ ప్రశ్న చూశానండి, "పెరట్లో చిలగడదుంప, బంగాళదుంప, క్యారెట్ వేశాం, పంట బాగానే ఊరింది కానీ తీసేటప్పుడు సగం తెగిపోతున్నాయి, పార వాడాలా గునపమా లేక ఫోర్క్ కొనాలా" అని. ఫోర్క్. నాలుగు పళ్ళది, నిలబడి కాలితో తొక్కేది. కింద ఇద్దరు ముగ్గురు "పార చాలు, అనవసరంగా డబ్బులు తగలెయ్యకండి" అని రాశారు, వాళ్ళు దుంపలు ఎప్పుడైనా తవ్వారో లేదో నాకైతే డౌటే. పార మంచి పనిముట్టే, బోదెలు తోలడానికి, కాలవ చెయ్యడానికి దానికి మించింది లేదు, కాకపోతే దానికి అంచు ఉంటుంది, మట్టి లోపల ఆ అంచు ఎక్కడ దిగుతోందో మనకి కనపడదు. అంచున్నది ఏదీ దుంపల మడిలోకి రానివ్వకూడదు అనేది నా పాలసీ.

ఇది నాకు గట్టిగా ఎందుకు పట్టుకుందో చెప్తా. ఒకసారి ఇంట్లో చిలగడదుంప మడి తవ్వుతున్నాం. తీగలు ముందే కోసి పక్కన పడేశాం, బోదెల మీద మొదళ్ళు మాత్రం బెత్తెడు ఎత్తున ఉన్నాయి. నేను ఫోర్క్ తెచ్చేలోపు మా బావమరిది గునపం పట్టుకుని దిగిపోయాడు. జిమ్‌కి వెళ్ళే మనిషి, కండలు చూపించాలి కదా. "బావా, నువ్వు పక్కకి జరుగు, అరగంటలో లేపేస్తా" అన్నాడు. మొదటి పోటే మొదలుకి జానెడు దూరంలో పడింది. టక్ మని చప్పుడు. చిలగడదుంప తెగిన చప్పుడు వేరుగా ఉంటుంది, ఒకసారి విన్నవాళ్ళకి అర్థమవుతుంది, మట్టి గడ్డ పగిలితే అలా రాదు. పైకి లాగితే దుంప అడ్డంగా రెండయింది, తెగిన చోట తెల్లగా పాలు కారుతున్నాయి. "ఒకటి పోతే ఏమైంది" అని ఇంకో పోటు. మళ్ళీ టక్. అలా ఆ బోదె చివరిదాకా టక్కు టక్కుమంటూనే వెళ్ళాడు, నేను వెనకాల ముక్కలు ఏరుతున్నా, మధ్యలో ఒకసారి వద్దురా అన్నాను కూడా, హుషారులో ఉన్నవాడికి వినపడదు.

ఆ చప్పుడుకే అనుకుంటా మా అత్తయ్యగారు లోపల్నించి వచ్చారు. కాసేపు నిలబడి చూసి, "ఒరేయ్, నువ్వు దుంపలు తీస్తున్నావా, బావి తవ్వుతున్నావా?" అన్నారు. వాడు నవ్వేశాడు, ఆవిడ నవ్వలేదు. నా చేతిలో ఫోర్క్ తీసుకుని రెండో బోదె దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చేసింది చూస్తే అసలు తవ్వడం అనడానికి కూడా లేదు. మొదలు దగ్గరికి పోలేదు, బోదె బయటి వాలు మీద, మొదలుకి మూరెడు అవతల నిలబడి పళ్ళు నిలువుగా దింపి కాలితో తొక్కారు, కామ, అంటే పట్టుకునే కర్ర, కొంచెం వెనక్కి వంచి వదిలేశారు, అంతే, ఎత్తలేదు. మట్టి కాస్త ఉబ్బి బీటలిచ్చింది. అరడుగు జరిగి మళ్ళీ అదే, అటువైపు నుంచి మళ్ళీ అదే. చుట్టూ వదులయ్యాక ఫోర్క్ పక్కన పడేసి కూర్చుని, రెండు చేతులూ మట్టిలోకి పెట్టి, ఒక్కో దుంప చివర ఎక్కడుందో వేళ్ళతో తడుముకుంటూ మొత్తం గుత్తి గుత్తిగా బయటికి తీశారు. మూర పొడవున్న సన్న దుంప ఒకటి అడ్డంగా పక్క బోదెలోకి పాకితే, దాన్ని కూడా తోక దాకా విరక్కుండా తీశారు.

బావమరిది "ఇంత స్లోగా అయితే సాయంత్రం అవుద్దమ్మా" అన్నాడు కానీ ముందు అయిపోయింది ఆవిడ బోదెలే. ఎందుకంటే తెగిన దుంపలో ఒక సగమే చేతికొస్తుంది, రెండో సగం లోపలే ఉండిపోతుంది, దాన్ని వెతకడానికి మళ్ళీ తవ్వాలి, మళ్ళీ తవ్వితే పక్కది తెగుతుంది. వాడు ముక్కలు వెతుక్కుంటూ కూర్చున్నాడు. దొరకని ముక్కలు తర్వాత ఇంకో పంట మధ్యలో మొలిచాయి, అది వేరే తలనొప్పి.

అసలు విషయం ఏంటంటే ఫోర్క్‌తో తవ్వకూడదు, నేలని వదులు చెయ్యాలి, తియ్యడం చేతులతో. పలక లాంటి పార మట్టిని కోసి పక్కకి తోస్తుంది, ఫోర్క్ పళ్ళ మధ్యలోంచి మట్టి జారిపోతుంది, దుంప పైన నిలుస్తుంది. రాళ్ళున్న నేలైతే పార అంచు రాయికి కొట్టుకుని ఆగిపోతుంది, పళ్ళు మాత్రం పక్కనించి దారి చూసుకుంటాయి.

"ఫోర్క్ పళ్ళు గుచ్చుకోవా" అని అడుగుతారు, నాకు తెలుసు. గుచ్చుకుంటాయి. మొదలు పక్కనే దింపితే ఏ ఫోర్క్ అయినా దుంపని పొడుస్తుంది, అది ఫోర్క్ తప్పు కాదు, మీరు నిలబడ్డ చోటు తప్పు. దుంప ఎక్కడ ఊరుతుందో తెలిస్తే ఎక్కడ నిలబడాలో అదే తెలుస్తుంది. బంగాళదుంప నిజానికి వేరు కాదు, కాండం. మనం పాతిన విత్తన దుంపకి పైభాగాన, కాండం నుంచి పక్కకి పాకే సన్నటి కొమ్మల చివర్లు ఉబ్బి దుంపలవుతాయి, అందుకే మొక్క పెరిగేకొద్దీ మట్టి ఎగదోస్తాం. అవి మొదలు చుట్టూ అడుగు లోపే ఉంటాయి మామూలుగా, కాబట్టి అడుగు అవతల దింపి దుంపల కిందకి వెళ్ళేలా వంచితే గుత్తి పైకొస్తుంది. చిలగడదుంప మాత్రం నిజంగా ఊరిన వేరు, అది ఎటు పోతుందో దాని ఇష్టం, పైగా తోలు పల్చన, గోరు తగిలినా గీత పడుతుంది, దానికి ఇంకాస్త దూరం నుంచి మొదలెట్టాలి. క్యారెట్, ముల్లంగి నిలువుగా దిగుతాయి కాబట్టి వరస పక్కనే, వరసకి సమాంతరంగా దింపి కొంచెం కదిలించి, ఆకుల మొదలు పట్టుకుని లాగితే చాలు. కదిలించకుండా లాగితే ఆకు చేతికొస్తుంది, క్యారెట్ కిందే ఉంటుంది. కర్రపెండలం సంగతి వేరు, దానికి కాండాన్ని పట్టుకుని పైకి మీటే సాధనాలున్నాయి, పెరట్లో రెండు మొక్కలకి అవి అక్కర్లేదు, చుట్టూ వదులు చేసి కాండం పట్టి లాగడమే. కాకపోతే కర్రపెండలం తవ్వాక రెండు మూడు రోజుల్లోనే లోపల నీలం నలుపు చారలు వచ్చేస్తాయి, దెబ్బ తగిలిన చోట నుంచే మొదలవుతుంది, దాన్ని తెంపుకుంటే ఇంక అంతే.

ఇంకో సంగతి, నేల పదును, అంటే తడి ఎంతుందో, చూడకుండా ఏ పనిముట్టు కొన్నా వేస్టే. ఎండి రాయైపోయిన నల్లరేగడిలో ఫోర్క్ దిగదు, దిగినా పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది, పెళ్ళతో పాటు లోపలున్న దుంప విరుగుతుంది. బురదగా ఉంటే పళ్ళ మధ్య మట్టి అతుక్కుపోయి అది కూడా పార లాగే తయారవుతుంది. పిడికిట్లో పట్టుకుంటే ముద్దయి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి, అప్పుడు దిగండి. నేల మరీ గట్టిపడితే రెండు మూడు రోజుల ముందు తేలిగ్గా తడిపి వదిలెయ్యండి. సెలవు దొరికింది కదా అని పదును లేకుండా తవ్వేసేవాళ్ళే తర్వాత వచ్చి ఫోర్క్ బాలేదు అని రాస్తారు.

ఇప్పుడు కొనడం గురించి, ఇక్కడే నాకు బీపీ పెరుగుద్ది. ఫోర్క్ అని సెర్చ్ కొడితే మూడు నాలుగు రకాలు కలిపి చూపిస్తారు. గడ్డి ఎత్తే ఫోర్క్ ఒకటి, పళ్ళు సన్నగా, గుండ్రంగా, పొడుగ్గా ఉంటాయి, దాంతో నేలని మీటితే అక్కడికక్కడే వంగిపోతుంది. పెంట ఎత్తేది ఒకటి, దానికి పళ్ళు ఎక్కువ, అదీ పల్చనే. మనకి కావాల్సింది మందంగా, నలుచదరంగా నాలుగు పళ్ళుండి, ఒక్కో పన్ను అడుగు పొడవుండేది. బంగాళదుంపల కోసమే ప్రత్యేకంగా చేసినవాటికి పళ్ళు వెడల్పుగా బల్లపరుపుగా ఉంటాయి, దుంపకి తగిలినా పొడవడం కన్నా పక్కకి తొయ్యడమే ఎక్కువ. పూర్వం పళ్ళ చివర చిన్న గుండ్లు పెట్టి కూడా చేసేవాళ్ళు, గుచ్చుకోకుండా, అవి పోసిన దుంపల్ని ఎత్తడానికి. పళ్ళు లోపలికి వంగి గోళ్ళలా ఉండే రకం ఇంకోటి ఉంది, దూరంగా కొట్టి మన వైపు లాక్కోవాలి, వదులు నేలలో స్పీడుగా పోతుంది, నడుం మాత్రం వంచాల్సిందే. రెండు చేతులా రెండు కామలతో వెడల్పుగా ఉండేది, 1960ల్లో ఫ్రాన్స్‌లో ఆండ్రే గ్రెలాన్ అనే ఆయన చేసి పేటెంట్ తీసుకున్నది, మంచిదే, కానీ అది పెద్ద మడులకి, మీ పెరటికి తిప్పుకోడానికే జాగా ఉండదు.

అతుకు చూడండి, రంగు చూడకండి. ఫోర్క్ విరిగేది దాదాపు ఎప్పుడూ కామ ఇనుములో కలిసే చోటే. పళ్ళూ మెడా ఒకే ముక్క ఇనుముని సాగ్గొట్టి చేసి, మెడ గొట్టంలా కామని లోతుగా పట్టుకుని ఉండి, రివెట్ వేసి ఉంటే తీసుకోండి. సన్నటి మేకు లాంటి తోకని కర్రలోకి దిగ్గొట్టి పైన పొన్ను, అంటే ఇనుప కట్టు, తొడిగినవి ఉంటాయి, గట్టి నేలలో నాలుగు సార్లు మీటితే పొన్ను దగ్గర ఊగడం మొదలవుతుంది. పళ్ళు విడిగా చేసి వెల్డింగ్ పెట్టినవి ఇంకా ఘోరం. రివ్యూలు చదివి కొంటానంటారేమో, ఆ రివ్యూలు పార్సిల్ విప్పిన రోజు రాసినవి, "సూపర్ ప్రోడక్ట్, ప్యాకింగ్ బాగుంది, ఫైవ్ స్టార్" అని, ప్యాకింగ్‌తో తవ్వుతామా ఏంటి! ఇంక చేతి పొడవు కూడా లేని ఐదు పీసుల సెట్లు, పచ్చరంగు ప్లాస్టిక్ పిడితో వచ్చేవి, కుండీలో మట్టి గుల్ల చెయ్యడానికి సరే, దుంపల మడిలో కూర్చుని ఆ బుల్లి ఫోర్క్‌తో తవ్వితే మణికట్టు పోద్ది, మొదలుకి దగ్గరగా కూర్చుంటారు కాబట్టి పొడిచేదీ ఎక్కువే.

మట్టి వదులు చేసి దుంప తియ్యడం అనేది మనిషికి ఎంత పాత పనో తెలుసా? ఇటలీలో టస్కనీ ప్రాంతంలో పొగెట్టి వెక్కి అనే చోట దాదాపు 1,71,000 ఏళ్ళ నాటి చెక్క కర్రలు బయటపడ్డాయి, మీటరు పైన పొడవు, ఒక చివర పట్టుకోవడానికి గుండ్రంగా, ఇంకో చివర మొనదేలి. తవ్వే కర్రలు అని 2018లో పరిశోధకులు రాశారు. టాంజానియాలో హద్జా అనే వేట తెగ ఆడవాళ్ళు ఇప్పటికీ అలాంటి కర్రలతోనే అడవి దుంపలు తీస్తారు. వాటికి అంచు లేదు, గమనించారా, మొనే. ఫోర్క్ అంటే అలాంటి కర్రలు నాలుగు వరసగా పెట్టినట్టే అని నా థియరీ, ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ళిష్టం.

తెగనివ్వకూడదు అని ఇంత గొడవ ఎందుకంటే నిలవ కోసం. చిన్న గీతలు మానతాయి, దుంప దానంతట అదే గాయం మీద పొర కట్టుకుంటుంది, దానికి టైమూ వాతావరణమూ ఇవ్వాలి. బంగాళదుంపలైతే 10 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, పది రోజుల నుంచి రెండు వారాలు. వెలుగు తగిలితే ఆకుపచ్చగా మారతాయి, ఆ పచ్చబడ్డ చోట సోలనైన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది, అవి తినకూడదు. చిలగడదుంప దీనికి పూర్తిగా రివర్స్, 29 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ, ఓ వారం. అంత కచ్చితంగా ఇంట్లో కుదరదు, వెచ్చగా తేమగా ఉన్న మూల చూసుకోండి చాలు. రెండిట్నీ కడగకుండానే పెట్టాలి, మట్టి ఆరాక చేత్తో దులిపితే సరిపోద్ది. కానీ అడ్డంగా తెగినవి, పన్ను గుచ్చుకుని చిల్లి పడ్డవి వీటితో కలపొద్దు, విడిగా పెట్టి ముందు వాడెయ్యండి, ఒకటి కుళ్ళితే బుట్టంతా పోద్ది. బంగాళదుంప మొక్కలు ఎండిపోయాక కూడా ఇంకో రెండు వారాలు మట్టిలోనే ఉంచి తీస్తే తోలు గట్టిపడుతుంది, బొటనవేలితో రుద్ది చూడండి, తోలు ఊడొస్తే ఇంకా ఆగాలి.

చివరిగా కామ పొడవు, ఇది ఎవరూ చెప్పరు. ఫోర్క్ నిలబెడితే పిడి మీ మోచేతికీ నడుముకీ మధ్యలో రావాలి. ఇంట్లో పొడుగు మనిషి వాడేదయితే వాళ్ళని తీసుకెళ్ళి కొనండి, పొట్టి కామకి వంగి వంగి తవ్వి నడుం పట్టేసి, ఆ తర్వాత ఫోర్క్‌ని మూలన పడేసి మళ్ళీ పార పట్టుకున్నవాళ్ళని చూశాను. చెప్పులు కాదు, గట్టి అడుగున్న బూట్లు వేసుకుని తొక్కండి. దిగనప్పుడు దాని మీదెక్కి ఊగొద్దు, పక్కన ఇంకోచోట దింపండి.