పాఠకుల సందేహాలు: బ్లూ-రే డిస్కుల ఆయుష్షు

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీస్తాను. పాత ఫుటేజీని 25 జీబీ బ్లూ-రే డిస్కుల్లో దాచాను. ఒకే అలమరలో ఉన్నా కొన్ని నిక్షేపంలా ఉన్నాయి, కొన్ని అసలు చదవడం లేదు. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రాసుకునే బ్లూ-రేలు రెండు రకాలు: ఎల్‌టీహెచ్, హెచ్‌టీఎల్. చదవని డిస్కుల అట్ట మీద ‘ఎల్‌టీహెచ్’ అని ఉందేమో చూడండి. అట్ట పోతే డిస్కు తిప్పండి: ఎల్‌టీహెచ్ అడుగు బంగారు ఛాయలో ఉంటుంది, హెచ్‌టీఎల్‌ది ముదురు బూడిదరంగు. ఎల్‌టీహెచ్‌లో రాతపొర డీవీడీ-ఆర్‌లో మాదిరే సేంద్రియ రంగు. వెలుతురు, వేడి, తేమ దాన్ని తినేస్తాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కూడానూ. హెచ్‌టీఎల్‌లో ఉండేది లోహ మిశ్రమంలాంటి అకర్బన పొర, దానికి వెలిసిపోయే బెడద లేదు. ఇంకా చదువుతున్న ఎల్‌టీహెచ్‌లను ఇవాళే హార్డ్‌డిస్కులోకి దించుకోండి. మొరాయించినవాటిని మరో డ్రైవులో పెట్టండి. ఒకటి వదిలేసింది ఇంకొకటి చదవడం మామూలే.

గీతలూ చూడండి. సీడీలో డేటా లేబుల్ కిందే ఉంటుంది, బ్లూ-రేలో అడుగు వైపు 0.1 మి.మీ. లోతులో. గట్టి పూత ఉన్నా లోతుగా గీసుకుంటే అంతే సంగతులు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాకు వెంబడే పడి, డ్రైవు తప్పులు దిద్దుకోలేదు. కాగితం స్టిక్కర్లు అంటించొద్దు, డిస్కు వంగుతుంది.

ప్రశ్న: కొత్తవి ఎలా రాయాలి? వెయ్యేళ్లుంటుందనే ఎం-డిస్క్ కొనాలా?

జవాబు: ఆ వెయ్యేళ్లు ఎక్కువ వేడిలో, తేమలో పరీక్షించి లెక్కగట్టిన అంచనా. మంచి హెచ్‌టీఎల్ చాలు. 25 జీబీ డిస్కు విండోస్‌లో 23.3గానే కనిపిస్తుంది, 22 దాటనివ్వకండి, తప్పులు ఎక్కువగా బయటి అంచునే వస్తాయి. 6ఎక్స్ వేగం డిస్కును 4ఎక్స్ వేగంలో రాసి, సరిగా పడిందో లేదో ‘వెరిఫై’ చేయండి. ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ల (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే వేలిముద్రలాంటి సంకేతాల) ఫైలు వేరేగా ఉంచుకుని, ఏడాదికోసారి సరిచూడండి. రెండో కాపీకి వేరే బ్యాచ్ డిస్కు వాడండి, ఒక బ్యాచ్‌లో లోపముంటే రెండు కాపీలూ పోతాయి.

డిస్కు కంటే డ్రైవుదే అసలు బెంగ. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని పానసోనిక్ 2023లో, సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేశాయి. డ్రైవులూ తగ్గుతున్నాయి. దొరుకుతున్నప్పుడే యూఎస్‌బీ బర్నరు ఒకటి అదనంగా కొని, ఆర్నెల్లకోసారి డిస్కు పెట్టి తిప్పి చూడండి.