నాసికాన్ బిళ్లలో వాహకత ఎందుకు పడిపోతోంది?

సోడియం బ్యాటరీ కోసం చేసిన నాసికాన్ (సోడియం, జిర్కోనియం, సిలికాన్, ఫాస్ఫరస్ కలిసిన ఆక్సైడ్) ఘన ఎలక్ట్రోలైట్ బిళ్లల వాహకత, అంటే సోడియం అయాన్లను పోనిచ్చే గుణం, పరిశోధన పత్రాల్లో చెప్పినదానిలో పదోవంతు కూడా రావడం లేదని, జిర్కోనియం స్థానంలో కొంత వేరే మూలకాన్ని చేర్చి చూడమంటారా అని విజయవాడ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగారు. ఇప్పుడే వద్దంటాను. గుంటూరు దగ్గర ఒక కళాశాల ప్రయోగశాలలో ఇదే పదార్థంతో రెండేళ్లు కుస్తీ పట్టినవాణ్ణి. లోపం దాదాపు ప్రతిసారీ తూకంలోనో కొలిమిలోనో దొరికింది.

1976లో హాంగ్, గుడ్‌ఎనఫ్ తదితర శాస్త్రవేత్తలు వెలువరించిన ఈ పదార్థం, బాగా కుదిరితే గది ఉష్ణోగ్రత వద్ద సెంటీమీటరుకు 0.1 నుంచి 1 మిల్లీసీమెన్స్ దాకా వాహకత ఇస్తుంది. నా మొదటి బిళ్లలు 0.01 దాటలేదు. ముసురు పట్టిన జులై రోజుల్లో సోడియం కార్బొనేట్‌ను ఆరబెట్టకుండా సీసాలోంచి తీసి అలాగే తూచాను; అది పీల్చుకున్న నీటిని కూడా సోడియం లెక్కలోనే వేసుకున్నానన్నమాట. (గదిలో ఏసీ తిరుగుతున్నంత మాత్రాన మన వైపు గాలిలో తేమ పోయిందని నమ్మకండి.) రాత్రంతా 150 డిగ్రీల వద్ద ఆరబెట్టి, వేడి తగ్గీ తగ్గకముందే తూచడం అలవాటు చేసుకున్నాక సగం బాధ తీరింది.

మిగతా సగం కొలిమిది. బిళ్ల గట్టిపడాలంటే సుమారు 1200 డిగ్రీలు కావాలి. ఆ వేడికి సోడియం, ఫాస్ఫరస్ కొంత ఆవిరైపోయి, జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) విడిగా మిగిలి రేణువుల సరిహద్దుల్లో చేరి అయాన్లకు అడ్డుపడుతుంది. ఎక్స్‌రే వివర్తన చిత్రంలో 28, 31.5 డిగ్రీల కోణాల దగ్గర చిన్న శిఖరాలు కనబడితే అనుమానించవలసింది దాన్నే. సోడియం 10 శాతం ఎక్కువ వేసి, బిళ్లను అదే పొడిలో పూర్తిగా కప్పి, మూసకు మూతపెట్టి కాల్చాను. కాలిన బిళ్ల మీద సిరా చుక్క వేసి చూడండి: అది పైనే నిలిస్తే సరే, ఇంకిపోతే లోపల రంధ్రాలున్నట్టే, అలాంటి బిళ్లకు ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు, వాహకత లెక్కగట్టేది దీన్నుంచే) కొలవడం కాలం వృథా.

నాసికాన్ వదిలి సల్ఫైడ్ ఘన ఎలక్ట్రోలైట్లకు మారుదామనిపించవచ్చు, అవి మెత్తనివి కనుక నొక్కితేనే అతుక్కుంటాయి, కానీ తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు వస్తుంది కాబట్టి ఆర్గాన్ గ్లవ్‌బాక్స్ (ఆర్గాన్ వాయువు నింపిన మూసిన పెట్టె) లేనిదే ముట్టుకోవద్దు.

ఒక సిగ్గుపడే తప్పు కూడా చెబుతాను. వాహకత లెక్కకు కావలసిన బిళ్ల వైశాల్యానికి నేను అచ్చు వ్యాసం 10 మిల్లీమీటర్లనే వాడుతూ వచ్చాను. కాలి కుంచించుకుపోయిన బిళ్ల వ్యాసం 8.5 మాత్రమే ఉండేది, దానితో ఉన్న వాహకతలో నాలుగోవంతుకు పైగా నా కాగితం మీదే పోయింది.